చేప కోస్తుంటే పురుగు కనబడిందా? అది ఏ పురుగో గుర్తుపట్టడం ఇలా

ముందు కత్తిపీట పక్కన పెట్టండి. చేపను పారేయకండి, అమ్మిన మనిషి మీదికి వెళ్ళకండి. ఒక్క పావుగంట కుదురుగా కూర్చుని చూస్తే అది ఏ పురుగో, దానివల్ల మీ ఇంట్లోవాళ్ళకు ప్రమాదం ఉందో లేదో చాలావరకు మీరే తేల్చుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. శ్రీకాకుళంలో మేం కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో, కళింగపట్నం నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఒకామె దగ్గర రెండు కిలోల కోనాం కొన్నాను. కోనాం అంటే వంజరమే, మన వైపు ఆ పేరే వాడుక. పొట్ట చీల్చేసరికి పేగుల మీద బియ్యపు గింజల్లా తెల్లటి తిత్తులు. చేప మొత్తం తీసుకెళ్ళి కాలవలో పడేశాను. మర్నాడు ఆమె వీధిలోకి రాగానే నిలేశాను. "ఏటి బావూ, పురుగుందని సేప పారేసినావేటి? అది సేపకి పుట్టింది గానీ మనకి పుట్టింది కాదు. తీసేసి వండుకోవాల" అంది. తర్వాత మారు మాట్లాడకుండా కొంగు ముడి విప్పి డబ్బులు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆమె చెప్పిందే నిజమని నాకు తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది. ఆ తిత్తులు మనిషికి అంటుకునేవి కావు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునే నేను వాటిని గుర్తుపట్టలేక ఆమె కష్టాన్ని కాలవపాలు చేశాను. ఆ రోజు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించే సంగతులే ఇవన్నీ.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

తెల్ల పింగాణీ పళ్ళెం ఒకటి, ముదురు రంగు పళ్ళెం ఒకటి. తెల్ల పురుగు తెల్ల పళ్ళెంలో కనబడదు, అందుకే రెండూ కావాలి. ఒక భూతద్దం, ఒక సూది, మొన సన్నగా ఉన్న చిమటా, సెల్‌ఫోన్ టార్చి. ఒక గిన్నెలో లీటరు గోరువెచ్చని నీళ్ళు పోసి 9 గ్రాముల ఉప్పు, అంటే తల తీసిన టీ చెంచాతో చెంచాన్నర, కలిపి ఉంచండి. ఉప్పు వేయడం మరవకండి. ఉత్త నీళ్ళలో వేస్తే కొన్ని పురుగులు నీళ్ళు పీల్చి ఉబ్బి పగిలిపోతాయి. అప్పుడిక గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు.

చేప కొనేటప్పుడే ఒక మాట చెప్పండి. "అప్పా, పొట్ట తీయొద్దు, నేనే తీసుకుంటాను" అనండి. బజారులో కోయించేస్తే పేగులు కుప్పలో పడిపోతాయి. మనకు కావలసిన ఆనవాళ్ళలో ముప్పాతిక భాగం ఆ పేగుల్లోనే ఉంటాయి. అయితే ఇంటికి తెచ్చాక ఆలస్యం చేయకూడదు. చేప చచ్చాక కొన్ని పురుగులు పొట్టలోంచి కండలోకి దూరతాయి. ముఖ్యంగా ఐసు లేకుండా ఎండలో పడి ఉన్న చేపలో. కాబట్టి తెచ్చిన వెంటనే పొట్ట తీయండి, కుదరకపోతే ఐసులో పెట్టండి.

పై నుంచి మొదలుపెట్టండి

ముందు మొప్పల మూత ఎత్తి చూడండి. నోరు తెరిచి నాలుక వైపు చూడండి. అక్కడ గోధుమరంగులో, గట్టి పెంకుతో, పొట్ట కింద ఏడు జతల కాళ్ళతో ఒక జీవి కరుచుకుని ఉంటే అది పురుగే కాదు. రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టం, పేరు ఐసోపాడ్. కానగుర్తల మొప్పల్లో అప్పుడప్పుడూ దొరుకుతుంది. చేప రక్తం తాగుతుంది గానీ మనల్నేమీ చేయదు. చిమటాతో లాగి పారేయండి. కవళ్ళు, నెత్తళ్ళ లాంటి చిన్న చేపల ఒంటి మీద, ఒక్కోసారి కంటి దగ్గర, దారప్పోగు వేలాడుతున్నట్టు కనిపిస్తే అదీ రొయ్య వంశానిదే, కోపిపాడ్. తల కండలో పాతుకుని ఉంటుంది కాబట్టి లాగితే తెగుతుంది. ఆ చోట కొంచెం కండతో సహా కోసేయండి.

కానగుర్త అన్నాను కదా, దాని శాస్త్రీయ నామం కూడా మన తెలుగే. విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ అనే వైద్యుడు మన తీరపు చేపలకు బొమ్మలు వేయించి, జాలరులు పిలిచే పేర్లతోనే 1803లో అచ్చువేయించాడు. అందులోని కానగుర్త అన్న మాటనే 1816లో క్యూవియే అనే ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త ఆ జాతి పేరుగా పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడి శాస్త్రవేత్తయినా ఈ చేపను రాస్ట్రెల్లిగర్ కానగుర్త అనే రాయాలి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పొట్ట చీల్చడం

మలద్వారం దగ్గర కత్తి మొన పెట్టి, పదును పైకి ఉండేలా తిప్పి, చర్మం మాత్రమే తెగేలా గొంతు దాకా తీసుకెళ్ళండి. లోతుగా దింపితే పేగులు తెగి అంతా కలగాపులగమవుతుంది. తెరిచాక వెంటనే ఏమీ లాగకండి. ఏది ఎక్కడుందో ముందు చూడండి. పురుగు ఎక్కడ ఉంది, ఏ రంగులో ఉంది, చుట్టుకుని ఉందా సాగి ఉందా, సంచిలో ఉందా విడిగా ఉందా. ఈ నాలుగింటితోనే సగానికి పైగా పని అయిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. కడుపు పక్కన సన్నటి తెల్ల గొట్టాలు గుత్తిగా, సేమియా కట్టలా వేలాడుతుంటాయి. కానగుర్తలో, కోనాంలో ఇవి బోలెడన్ని. చూడగానే పురుగుల ముద్ద అనుకుంటారు. అవి పురుగులు కావు, చేప అరుగుదలకు పనికొచ్చే అవయవమే. సూదితో ఒక్కదాన్ని కదిపి చూడండి. ఒక కొస మూసి ఉంటుంది, రెండో కొస పేగుకు అతుక్కుని ఉంటుంది. పురుగైతే రెండు కొసలూ విడిగా ఉంటాయి. కండలో కనిపించే నరాలు, రక్తనాళాలూ ఇంతే, లాగితే సాగి తెగుతాయి తప్ప ఊడి రావు. కొన్ని చేపల పొట్ట లోపల నల్లటి పొర ఉంటుంది. అది కుళ్ళూ కాదు, రోగమూ కాదు. ఆ జాతి చేపల్లో సహజమే.

చుట్ట చుట్టుకున్న తెల్ల పురుగు

దీన్నే జాగ్రత్తగా చూడాలి. కార్జం మీద, పేగుల పొర మీద, జన (గుడ్ల సంచి) మీద, పొట్ట గోడకు అంటుకుని, గడియారంలో స్ప్రింగులా చదునుగా చుట్టుకుని ఉంటుంది. చుట్ట వెడల్పు పెసరగింజంత. పైన పలచటి పొర ఉంటుంది. రంగు పాలిపోయిన తెలుపు, కొంచెం పారదర్శకం. అనిసాకిస్ అనే ఏలికపాముల జాతి పిల్ల పురుగు ఇది.

సూదితో పై పొర చీల్చి, పురుగును మెల్లగా గోరువెచ్చని ఉప్పునీళ్ళలో వేయండి. చచ్చిపోలేదంటే ఒకటి రెండు నిమిషాల్లో చుట్ట వదులవుతుంది. ముందు ఒక కొస పైకి లేస్తుంది, వెతుకుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతుంది, తర్వాత ఒళ్ళంతా విప్పుకుంటుంది. అప్పుడు స్కేలు పెట్టి కొలవండి. రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, గుండుసూది కన్నా సన్నం, రెండు కొసలూ సన్నబడి ఉంటాయి. ఒంటి మీద గీతలుగా కణుపులు ఉండవు. వెలుతురుకు అడ్డం పెట్టి భూతద్దంలో చూస్తే తల నుంచి కొంచెం కిందగా ఒక తెల్లటి మచ్చ కనబడుతుంది. గొంతు గొట్టం పేగుతో కలిసే చోటది. అనిసాకిస్‌కు అదొక గుర్తు. దీని దగ్గరి బంధువులు ఇంకా ఉన్నాయి. వాటిని కచ్చితంగా విడదీయాలంటే సూక్ష్మదర్శిని కావాలి. ఇంటి వరకు ఒకటే లెక్క పెట్టుకోండి: చుట్టుకుని ఉన్న తెల్ల పురుగు ఏదైనా మనిషికి హాని చేసేదే అనుకుని జాగ్రత్త పడాలి.

ఈ పురుగు పెద్దదయ్యేది చేపలో కాదు, తిమింగలాలు, డాల్ఫిన్ల కడుపులో. గుడ్లు వాటి మలంతో సముద్రంలో కలుస్తాయి. పిల్ల పురుగులను రొయ్యల్లాంటి చిన్న జీవులు మింగుతాయి, వాటిని చేపలు, చేపలను డాల్ఫిన్లు తింటాయి. చేప ఆ దారిలో ఒక మజిలీ మాత్రమే. అందుకే చేపలో అది చుట్టుకుని కాచుకుని ఉంటుంది. మనిషి పచ్చిచేప తింటే అది దారి తప్పి మన కడుపులోకి వచ్చినట్టు. మనలో అది పెరగలేదు, గుడ్లు పెట్టలేదు, కొన్ని రోజుల్లో చస్తుంది. ఈలోగా కడుపు గోడలోకి తల దూర్చడానికి చూస్తుంది. తిన్న కొన్ని గంటల్లోనే భరించలేని కడుపునొప్పి, వాంతులు వస్తాయి. మనుషుల్లో దీన్ని 1960లో నెదర్లాండ్స్‌లో గుర్తించారు, సరిగా ఉప్పు పట్టని పచ్చి హెర్రింగ్ చేపలు తిన్నవాళ్ళలో. పచ్చి చేపలు ఎక్కువగా తినే జపాన్‌లో ఈ కేసులు ఎక్కువ. పచ్చిచేప తిన్నాక ఎవరికైనా ఇలా నొప్పి వస్తే డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఎండోస్కోపీ చేసి పురుగును బయటికి తీసేయగలరు. చెప్పకపోతే గ్యాస్ నొప్పి అనుకుని మందు బిళ్ళలతో సరిపెట్టే ప్రమాదం ఉంది.

బియ్యపు గింజల్లాంటి తిత్తులు

నేను కాలవలో పడేసిన కోనాంలో ఉన్నవి ఇవే. పాల తెలుపు, బియ్యపు గింజ నుంచి గుమ్మడి గింజంత దాకా, కొన్నిటికి తోకలా సన్నటి కొస. పేగుల పొర మీద ఉంటాయి, కొన్ని చేపల్లో కండలోనూ ఉంటాయి. ఒక తిత్తిని రెండు సూదులతో చీలిస్తే లోపల మెత్తటి తెల్లటి పురుగు, నింపాదిగా ముడుచుకుంటూ సాగుతూ కదులుతుంది. ఇది బద్దె పురుగు పిల్ల. తలలో నాలుగు కొక్కేల తీగలుంటాయి, వాటిని ఒరలోంచి కత్తి దూసినట్టు బయటికి తీసి మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. మంచి భూతద్దం ఉంటే ఇది చూడవచ్చు. ఒకసారి చూస్తే మరచిపోలేరు. పెద్దదయ్యేది సొరచేపల్లో, టేకు చేపల్లో. మనిషిలో బతకదు. తిత్తులు ఉన్నచోటు తీసేసి మిగతా చేప నిశ్చింతగా వండుకోండి. కండ నిండా ఉంటే మాత్రం తినబుద్ధి కాదు, అది వేరే సంగతి.

జనలో ఎర్ర దారాలు

గొరకల్లో, గ్రూపర్ చేపల్లో జన తీసేటప్పుడు ఎర్రటి దారాలు మెలికలు తిరిగి కనబడితే రక్తనాళాలనుకుని వదిలేయకండి. సూదితో ఒక కొస ఎత్తండి. పురుగైతే ఉండ విప్పినట్టు పొడుగ్గా వస్తుంది, జానెడు పొడుగున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫిలోమెట్రా అంటారు. చేప రక్తం తాగి ఎర్రబడుతుంది. ఉత్త నీళ్ళలో వేశారా, ఒళ్ళు పగిలి తెల్లటి పాల మబ్బులాంటిది బయటికి వస్తుంది. ఆ మబ్బంతా వేలకొద్దీ పిల్ల పురుగులే. చూడడానికి ఒళ్ళు జలదరిస్తుంది గానీ, ఉడికిన జనతో తిన్నా మనిషికి ఏమీ కాదు. మా ఇంట్లో అయితే అలాంటి జన తినం. చేప మాత్రం తింటాం.

కోనాం, టూనా లాంటి పెద్ద చేపల మొప్పల్లోనో కండలోనో పసుపుపచ్చని పొక్కులుంటాయి. నొక్కితే పసుపు దారపు చిక్కులాంటిది వస్తుంది. డిడిమోజోయిడ్ అనే చదును పురుగులివి, హాని లేదు. పేగు లోపల నారింజ రంగు పొట్టి పురుగులు ముక్కు గుచ్చుకుని ఉంటే అవి ముళ్ళ తల పురుగులు. పేగులతో పాటే పోతాయి.

కండను వెలుతురులో చూడడం

పొట్టలో చుట్ట పురుగులు కనబడితే కండ కూడా చూడాలి. ముందు పొట్ట గోడ వైపు పలచటి ముక్కలు చూడండి, పురుగులు ఎక్కువగా దూరేది అక్కడే. చర్మం తీసి, వేలి మందం మించకుండా కోసి, గాజు పళ్ళెం మీద పరవండి. గది చీకటి చేసి కింద నుంచి ఫోన్ టార్చి వేయండి. పురుగు నీడలా, కామా గుర్తులా కనబడుతుంది. చందువ లాంటి తెల్ల కండ చేపల్లో బాగా తెలుస్తుంది, కానగుర్త లాంటి ముదురు కండలో అంతగా తెలియదు. ఇలా చూస్తే అన్నీ దొరకవు, కొన్ని తప్పించుకుంటాయి. కాబట్టి "టార్చి వేసి చూశాం, ఏమీ లేదు" అని పచ్చిగా తినే ధైర్యం చేయకండి.

ఇంకో పద్ధతి. ముక్కను పలచగా అదిమి, రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, తర్వాత నోట్లు పరీక్షించే ఊదారంగు లైటు కింద చీకట్లో చూస్తే, గడ్డకట్టి చచ్చిన అనిసాకిస్ పురుగులు నీలి తెలుపుగా మెరుస్తాయి. ముళ్ళు కూడా కొంచెం మెరుస్తాయి కాబట్టి సూదితో తీసి సరిచూసుకోవాలి. కాలేజీ పిల్లలు ప్రాజెక్టుకు చేయదగ్గ పని ఇది.

ఎండు చేపల్లో పురుగు వేరు

వర్షాకాలంలో ఎండు చేపల్లో కనబడేవాటిని పైవాటితో కలపకండి. అవి సముద్రంలో పట్టినవి కావు. తడి ఆరకముందు ఈగ వాలి గుడ్లు పెడితే వచ్చినవి. తెల్లగా, లావుగా, ఒంటి మీద కణుపులుగా గీతలు, ఒక కొస మొనదేలి అక్కడ నల్లటి చుక్క ఉంటే ఈగ పిల్లలు. గోధుమరంగులో వెంట్రుకలతో పాకేవైతే చేపను తొలిచే ఒక రకం నల్ల పెంకు పురుగు పిల్లలు. చుట్ట చుట్టుకోవడం వీటికి రాదు. భావనపాడు, బారువ వైపు ఇసుక మీద కాకుండా, నేలకు ఎత్తుగా వల పరిచి ఆరబెట్టిన చేప కొంటే ఈ బెడద తగ్గుతుంది.

వంట సంగతి

అనిసాకిస్ చావడానికి ముక్క నడిమిదాకా 60 డిగ్రీల వేడి ఒక్క నిమిషం చాలు. మన చింతపండు పులుసు తెర్లుతూ కాగేది దాదాపు 100 డిగ్రీలలో. అలా పావుగంట ఉడికిన ముక్కలో ఏ పురుగూ బతకదు. జాగ్రత్త పడాల్సింది వేపుడు దగ్గర. లావుపాటి కోనాం ముక్క పైన ఎర్రగా వేగుతుంది, నడి ముల్లు పక్కన పచ్చిగానే ఉంటుంది. ముల్లు దగ్గర కండ పారదర్శకత పోయి తెల్లబడి, పొరలుగా విడిపోతే ఉడికినట్టు.

నిమ్మరసంలో నానబెడితే కండ తెల్లబడుతుంది గానీ పురుగు చావదు. వెనిగరూ అంతే, పైపైన చల్లిన ఉప్పూ అంతే. పచ్చిగా తినే చేపకు గడ్డకట్టించడమే దారి. యూరప్ నియమం ప్రకారం ముక్క నడిమిదాకా మైనస్ 20 డిగ్రీలలో కనీసం 24 గంటలు ఉండాలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ అదే చలిలో 7 రోజులు ఉంచమంటుంది. మాటిమాటికీ తలుపు తీసే ఇంటి ఫ్రిజ్‌లో అంత చలి నిలవదు కాబట్టి దాన్ని నమ్ముకోకండి. విశాఖలో చదివే మీ పిల్లలు పచ్చిచేప పెట్టి చేసే సుషీ తింటామంటే ఆ హోటలువాళ్ళను ఈ ఒక్క ప్రశ్న అడగమనండి: చేపను ఎన్ని డిగ్రీలలో, ఎన్ని రోజులు ఉంచారు?

అరుదుగా కొందరికి అనిసాకిస్ అలర్జీ ఉంటుంది. వాళ్ళకు ఉడికిన చేపతోనూ దద్దుర్లు, ఆయాసం రావచ్చు, ఎందుకంటే పురుగు చచ్చినా దానిలోని కొన్ని ప్రొటీన్లు వేడికి చెడవు. చేప తిన్న ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు మాత్రమే ఒళ్ళు దద్దుర్లేస్తుంటే డాక్టరుతో ఈ మాట అనండి.

తీసిన పేగులను పచ్చిగా పిల్లికో కుక్కకో వేయకండి, ఉడకబెట్టి వేయండి. మీ చేతులకు భయం లేదు, ఈ పురుగులు చర్మంలోంచి దూరవు. సబ్బుతో కడుక్కుంటే సరి.

గుర్తుపట్టలేనిది దొరికితే

పక్కన రూపాయి బిళ్ళ పెట్టి, వెలుతురులో రెండు ఫొటోలు తీయండి, ఒకటి చేపలో ఉన్నచోటే, ఒకటి బయటికి తీశాక. పురుగును ఉప్పునీళ్ళలో కడిగి, చిన్న గాజు సీసాలో 70 శాతం ఆల్కహాలు పోసి అందులో వేయండి. ఒక కాగితం ముక్క మీద చేప పేరు, ఏ ఊరి రేవులో పట్టింది, తేదీ, పురుగు చేపలో ఎక్కడ దొరికింది, ఈ నాలుగూ పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి. పెన్నుతో రాస్తే సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ జంతుశాస్త్ర విభాగానికి తీసుకెళ్తే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. నా బల్ల మీద ఇప్పుడు అలాంటి సీసాలు పదకొండు ఉన్నాయి. వాటిలో మొదటిదాని మీద చీటీ ఇలా ఉంటుంది: కోనాం, కళింగపట్నం, పేగుల పొర మీద, తెల్ల తిత్తులు.